గాలికి కళ్ళెం: మంగోలియా సంచారుల ‘ఖీమోరి’

పసిబిడ్డ ఉన్నట్టుండి పాలు మానేసి గుక్కపట్టి ఏడిస్తే తెలుగిళ్లలో పెద్దవాళ్ల నోట వచ్చే మాట “గాలీ ధూళీ సోకిందేమో”. వెంటనే ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేస్తారు. మన భాషలో గాలిని చాలావరకు అనుమానంగానే చూస్తాం. గాలిమాట, గాలికబురు, గాలివాటం, గాలి తిరుగుడు, గాలికి వదిలేయడం... వీటిలో ఒక్కటీ మెచ్చుకోలు కాదు.

మంగోలియాలో ఏటా జూలై 11 నుంచి జరిగే నాదమ్ పండగకు వెళ్తే గాలీ ధూళీ రెంటికీ వేరే మర్యాద కనబడుతుంది. గుర్రం వయసును బట్టి 10 నుంచి దాదాపు 30 కిలోమీటర్ల దాకా సాగే పందేలవి. స్వారీ చేసేది చిన్నపిల్లలు. గుర్రాలు చివరి గీత దాటే వేళకు మైదానమంతా దుమ్ము మేఘం. జనం ముక్కు మూసుకుని వెనక్కి తగ్గరు, ముందుకు తోసుకెళ్తారు. ఆ గిట్టలు లేపిన దుమ్ము తమ మీద పడాలని వాళ్ల ఆశ. గెలిచిన గుర్రం మెడ మీది చెమటను వేళ్లతో తాకడానికి పోటీ పడతారు. ఎందుకని అడిగితే ‘ఖీమోరి’ లేస్తుందని చెబుతారు.

ఖీ అంటే గాలి. మోరి అంటే గుర్రం. రెండూ కలిస్తే గాలిగుర్రం. అది మనిషి లోపల ఉంటుంది, లేస్తుంది, పడిపోతుంది. లేచి ఉన్న రోజున పని కలిసివస్తుంది, మాట చెల్లుతుంది, ప్రయాణం సుఖంగా సాగుతుంది. పడిపోయిన రోజున చేయి పెట్టిందల్లా చెడుతుంది. బయటివాళ్లు దీన్ని ‘అదృష్టం’ అని అనువదించి వదిలేస్తారు. ఆ అనువాదంతో సగం అర్థం పోతుంది. మిగతా సగం అందాలంటే ముందు ఆ దేశపు గాలి ఎలాంటిదో చూడాలి.

మంగోలియా విస్తీర్ణం 15 లక్షల చదరపు కిలోమీటర్లకు పైనే. జనం 35 లక్షలు. ఎక్కువ భాగం చెట్టు లేని గడ్డి మైదానం, దాని దక్షిణాన గోబీ ఎడారి. గాలికి అడ్డం నిలిచేది ఏదీ లేదు. చలికాలంలో సైబీరియా మీద పేరుకున్న బరువైన చల్లగాలి కదలకుండా కూర్చుంటుంది. వసంతంలో అది చెదరడం మొదలైనప్పుడు అసలు గండం వస్తుంది. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో వీచే గాలులు మంచునూ మట్టినీ కలిపి లేపుతాయి. సరిగ్గా గొర్రెలూ మేకలూ ఈనే కాలం కూడా అదే. చలికాలమంతా ఓర్చి చిక్కిశల్యమైన మంద, తడి ఆరని పిల్లలు, పైన గాలివాన లాంటి దుమ్ము.

తుఫానులో గొర్రెల మంద గాలికి ఎదురు నిలవదు. గాలి ఎటు తోస్తే అటు నడుస్తూ పోతుంది. మందను వదల్లేక దాని వెనక నడిచిన కాపరి దారి తప్పుతాడు. 2021 మార్చి నడిమిన వచ్చిన దుమ్ము తుఫానులో మంగోలియాలో వందలమంది ఇలా దారి తప్పారు. ఎక్కువమందిని వెతికి పట్టుకున్నారు, కొందరు మాత్రం ప్రాణాలతో దొరకలేదు. మర్నాడు బీజింగ్ ఆకాశం నారింజ రంగుకు తిరిగిన ఫొటోలు ప్రపంచమంతా చూసింది. ఆ రంగు వెనక కాపరుల చావులున్నాయన్న సంగతి చాలామందికి చేరలేదు.

‘గాలివాటం’ అన్న మన మాట అక్కడ గొర్రెలకు అక్షరాలా సరిపోతుంది. మనిషి మాత్రం అలా పోకూడదు. ఖీమోరి ఊహ అంతా ఈ తేడా చుట్టూనే అల్లుకుంది.

వాళ్ల ఇల్లు చూసినా ఇదే తెలుస్తుంది. గెర్ అంటే గుండ్రటి గుడారం. కర్రల అల్లిక మీద గొర్రెబొచ్చును తడిపి, ఒత్తి, దట్టం చేసిన మందపాటి కంబళి కప్పుతారు. మూలలు లేవు కాబట్టి గాలి పట్టుకోవడానికి చోటుండదు, చుట్టూ జారిపోతుంది. వాయవ్యం నుంచి వీచే గాలికి వీపు పెట్టి, వాకిలి దక్షిణానికి తెరుస్తారు. పైకప్పు నడిమిన పొగా వెలుతురూ పోయి వచ్చే గుండ్రటి కన్ను, దాని పేరు తోనో. తోనో నుంచి లోపలికి ఒక తాడు వేలాడుతుంది. మామూలు రోజుల్లో దాన్ని మడిచి కప్పు కర్రల మధ్య దోపి ఉంచుతారు. పెనుగాలి వచ్చిన రాత్రి ఇంటి మనుషులు ఆ తాడు పట్టుకుని వేలాడతారు, లేదా బరువైన వస్తువు కడతారు, ఇల్లు లేచిపోకుండా. చగ్తగ అనే ఈ తాడుకు ఆ ఇంట్లో గౌరవం ఉంది. ఇంటి కలిమిని పట్టి ఉంచేది అదేనని నమ్మకం. చూస్తే అది వెంట్రుకలు పేనిన తాడే. దాని పని తెలిసినవాళ్లకు ఆ గౌరవం వింతగా అనిపించదు.

ఇలాంటి చోట గాలిని దేవుణ్ణి చేసి మొక్కుతారని ఊహించడం తేలిక. సంచార జాతుల మీద రాసేవాళ్లు తరచూ అదే చేస్తారు: వీళ్లు గాలిని పూజిస్తారు, వాళ్లు నదిని పూజిస్తారు అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. మంగోలుల ఆకాశంలో దేవతలకు కొదవలేదు. మోంఖ్ తెంగెర్, అంటే నిత్యమైన ఆకాశం, వాళ్లందరి మీదా ఉంది. ఖీమోరి మాత్రం దేవతల వరసలో చేరదు. దానికి గుడి లేదు, వరాలిచ్చే ముఖం లేదు. అది మనిషి ఒంట్లోని ఒక స్థితి.

ఈ సంగతి ‘ఖీ’ అన్న మాటలోనే ఉంది. ఆ మాట తెలుగువాళ్లకు ఎంత దగ్గరదో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. మంగోల్ సంప్రదాయ వైద్యం ఒంట్లో మూడు గుణాలను లెక్కిస్తుంది: ఖీ, షర్, బద్గన్. గాలి, పసుపుపచ్చనిది, చల్లని జిగురు. వాతం, పిత్తం, కఫం అనే మన త్రిదోషాలే ఇవి. వాగ్భటుడి అష్టాంగహృదయం 11వ శతాబ్దంలో రిన్‌చెన్ జాంగ్‌పో (958–1055) చేతిమీదుగా టిబెటన్‌లోకి వెళ్లింది. ఆ తర్వాతి టిబెట్ వైద్యశాస్త్రం దాన్ని తనలో కలుపుకుంది. అక్కడి నుంచి లామాలతో పాటు ఆ వైద్యం గడ్డి మైదానాలకు చేరింది. సంస్కృతంలో వాతం, టిబెటన్‌లో లుంగ్, మంగోల్‌లో ఖీ. మోకాళ్లు పట్టేస్తే “వాతం చేసింది” అని మన అమ్మమ్మలు అనేదీ, నాదమ్ మైదానంలో దుమ్ములోకి దూకే మనిషి పెరగాలని కోరుకునేదీ ఒక్క మాట వంశంలోవే. మన నోట అది నొప్పిగా మిగిలింది, వాళ్ల నోట చేవగా మారింది.

టిబెట్ వైద్యంలో లుంగ్ అయిదు రకాలు. ప్రాణాన్ని పట్టి ఉంచేది, పైకి పోయేది, అంతటా వ్యాపించేది, జఠరాగ్నికి తోడుండేది, కిందికి పోయేది. ప్రాణ, ఉదాన, వ్యాన, సమాన, అపానాలు అన్న మన పంచప్రాణాల పట్టికకు ఇది సరిగ్గా అద్దం. ప్రాణాన్ని పట్టి ఉంచే లుంగ్ చెదిరితే నిద్ర పట్టదు, గుండె దడదడలాడుతుంది, కారణం లేని దిగులు కమ్ముకుంటుంది. కాబట్టి గాలి అంటే మనసు నడక కూడా. టిబెట్ తంత్ర సంప్రదాయంలో దీనికి పేరుపడ్డ ఒక పోలిక ఉంది. గాలి కళ్లు లేని గుర్రం, మనసు కాళ్లు లేని రౌతు. ఒకటి లేకుండా రెండోది ఎక్కడికీ పోలేదు. ఇద్దరూ కలిస్తేనే ప్రయాణం.

ఇక గుర్రం. టిబెటన్‌లో గాలిగుర్రం పేరు లుంగ్‌తా. మంగోల్ ఖీమోరి ఆ పేరుకు మాటకు మాట చేసిన అనువాదం. 1578లో మంగోల్ పాలకుడు అల్తాన్ ఖాన్ టిబెట్ గురువు సోనమ్ గ్యాత్సోను కలిసి ఆయనకు దలైలామా అనే బిరుదిచ్చాక బౌద్ధం మంగోలుల్లో ఊరూవాడా పాకింది, ఇలాంటి మాటలు ఎన్నో దానితో వచ్చాయి. అయితే టిబెటన్‌లోనైనా ఆ మాట మొదటి నుంచీ ఇలాగే ఉందా? సామ్‌టెన్ కర్మాయ్ అనే టిబెట్ పండితుడు లేదంటారు. పాత రాతల్లో అది క్లుంగ్ తా, అంటే నదిగుర్రం అనీ, క్రమంగా రూపం మారి గాలిగుర్రం అయిందనీ ఆయన వాదన. నదీ గాలీ రెండూ కదిలేవే కాబట్టి ఈ మార్పు ఊహకు అందుతుంది. ఈ వాదన నిజమైతే ఇందులో స్థిరంగా ఉన్నది గుర్రం ఒక్కటే. గాలి తర్వాత వచ్చి చేరింది.

అందుకే ఈ నమ్మకంలో ముఖ్యమైన సగం గుర్రమేనని గట్టిగా చెప్పవచ్చు. ఒట్టి గాలి అంటే మందను తరుముకుపోయే గాలి, ఇల్లు లేపే గాలి. దానికి వీపు, జూలు, కళ్ళెం ఉన్నాయని ఊహించుకుంటే తప్ప మనిషికి అందులో చోటు లేదు. ‘వాయువేగ మనోవేగాలతో’ అని మన కథల్లో పంచకల్యాణి గుర్రం పరుగెత్తుతుంది. అక్కడ గాలి గుర్రానికి వేగాన్ని కొలిచే పోలిక. గడ్డి మైదానంలో మూడేళ్ల పిల్ల కూడా జీను మీద కూర్చుంటుంది, అక్కడ పోలిక తిరగబడింది. గాలికే గుర్రం రూపం ఇచ్చారు.

బౌద్ధం రాకముందు కూడా గాలితో బేరాలాడిన జ్ఞాపకం మంగోలులకు ఉంది. ‘మంగోలుల రహస్య చరిత్ర’ అనే 13వ శతాబ్దపు గ్రంథంలో 1201 నాటి కోయితెన్ యుద్ధం వస్తుంది. చెంఘిజ్ ఖాన్‌కు ఎదురు నిలిచిన పక్షంలో బుయిరుక్ ఖాన్, ఖుదుఖ అనే ఇద్దరికి జద అనే విద్య తెలుసు, దానితో తుఫాను రప్పించగలరు. రప్పించారు కూడా. ఆ తుఫాను శత్రువు మీదికి పోకుండా మళ్లి వాళ్ల మీదికే వచ్చింది. అడుగు వేయలేక లోయల్లో జారిపడి, ఆకాశానికి మన మీద దయ లేదనుకుని చెల్లాచెదురయ్యారు. ఆ గ్రంథంలో గుర్తుండిపోయే ఘట్టాల్లో ఇదొకటి. గాలిని పిలవడం తెలియడం వేరు, దాని మీద ఎక్కి కూర్చోవడం వేరు అని ఆ కథ కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది. గెర్ లోపల ఈల వేయకూడదని ఈనాటికీ పిల్లల్ని కసురుతారు. ఈల గాలిని పిలుస్తుందని భయం.

ఖీమోరి రోజువారీ జీవితంలో ఎలా పనిచేస్తుందో చూస్తే దాని అసలు స్వభావం బయటపడుతుంది. మంగోలులకు బుయన్ అనే మాట ఉంది, అంటే పుణ్యం. చేసిన మంచి జన్మజన్మలకు కూడి వచ్చేది. అది నిదానంగా పెరిగే ఆస్తి. ఖీమోరి అలా కాదు. నిన్న ఉన్నది ఇవాళ ఉండకపోవచ్చు. చలాకీగా, ముఖం వెలిగిపోతూ, పనిలో ముందుండే మనిషిని ‘ఖీమోర్‌తోయ్’ అంటారు, అంటే ఖీమోరి ఉన్నవాడు. డీలా పడి, ఏ పనీ ముందుకు సాగక తల వంచుకు తిరిగేవాడికి ఖీమోరి పడిపోయిందంటారు. నుదుటి రాత అని మనం అనుకునేదానికి ఇది దూరం. రాత చెరగదు. ఖీమోరి పడితే మళ్లీ లేపవచ్చు, లేపడం ఆ మనిషి బాధ్యత కూడా. చెడ్డపని, అపవిత్రం, పిరికితనం దాన్ని కుంగదీస్తాయి. ఉదయాన్నే లేవడం, ఎత్తయిన చోటికి ఎక్కడం, ధూపం వేయడం దాన్ని లేపుతాయి.

మందతో బతికేవాళ్లకు ఇది ఎందుకు కావాలో ఊహించడం కష్టం కాదు. గుర్రం, ఒంటె, ఆవు లేదా జడలబర్రె, గొర్రె, మేక: ‘అయిదు మూతుల మంద’ అంటారు వాళ్లు. ఆ మంద మొత్తం ఒక్క చలికాలంలో పోవచ్చు. మేత మంచు కింద కూరుకుపోయి, లేదా గడ్డకట్టిన పెచ్చు కింద చిక్కి, పశువులు ఆకలితో చచ్చే విపత్తును జుద్ అంటారు. 2009–10 చలికాలపు జుద్‌లో కోటికి దగ్గరగా పశువులు చచ్చిపోయాయి. 2023–24లో 70 లక్షలకు పైగా. ఏడాదంతా కష్టపడ్డవాడూ, పడనివాడూ ఒకే రకంగా నష్టపోయే చోట పుణ్యం లెక్క మాత్రమే చేతికి ఇస్తే మనిషి నిలవలేడు. పోయింది పోయింది, రేపు పొద్దున్నే జీను వేయగల తెగువ ఇంకా ఉందా అన్న ప్రశ్నకు ఒక పేరు కావాలి. ఆ పేరే ఖీమోరి. ఇది మూఢనమ్మకమని కొట్టిపారేయడం సులువే గానీ, ఈ మాట చేసే పనిని చేయగల మరో మాట చూపించడం అంత సులువు కాదు.

లేపే తీరులో మనకు పరిచయమైనవి చాలా ఉన్నాయి. కనుమ దారుల్లో, గుట్టల మీద రాళ్లు పేర్చిన ఓవో కనబడుతుంది. ప్రయాణికుడు ఆగి, మూడుసార్లు ప్రదక్షిణం చేసి, ఒక రాయి పెడతాడు. నీలం పట్టుగుడ్డ, ఖదగ్, కడతాడు. గాలికి అది కొట్టుకుంటూ ఉంటుంది. ప్రాణంగా చూసుకున్న గుర్రం చచ్చిపోతే దాని పుర్రెను తెచ్చి అక్కడ పెడతారు. మంగోల్ కొత్త సంవత్సరం, త్సగాన్ సార్, మొదటి రోజు తెల్లవారకముందే మగవాళ్లు గుట్ట ఎక్కి సూర్యోదయం చూస్తారు. ఇంటి ఆడవాళ్లు ఆ రోజే కాదు, రోజూ మొదటి పాలతేనీటిని తొమ్మిది గుంటలున్న కర్ర గరిటెతో ఆకాశానికీ దిక్కులకూ చిలకరిస్తారు. టోపీని నేలమీద పడేయరు, దాని మీద నుంచి దాటరు. మనిషి గౌరవం, చేవ టోపీలో ఉన్నాయన్న భావం. తోడేలు కనబడితే మంచి శకునం. ఖీమోరి తక్కువైనవాడికి తోడేలు కనబడనే కనబడదనీ, దాన్ని మించిన ఖీమోరి ఉన్నవాడికే అది వేటలో చిక్కుతుందనీ అంటారు. మందను పీక్కుతినే జంతువును ఇంత మన్నించడం గమనించదగ్గ విషయం.

ఇందులో ఒప్పుకోలేని వైపు కూడా ఉంది. కొన్ని పవిత్ర పర్వతాల శిఖరాలకు ఆడవాళ్లు ఎక్కకూడదన్న నియమం ఇప్పటికీ నడుస్తోంది. ఖీమోరి అందరికీ ఉంటుందని చెబుతూనే, దాన్ని లేపే ఎత్తయిన చోటు మాత్రం మగవాళ్లకు కేటాయించారు. మంచు తుఫానులో మందను వెతకడానికి పోయేటప్పుడు ఈ తేడా ఎవరూ పాటించరు, గుర్రమెక్కడం ఆడపిల్లకూ మగపిల్లవాడికీ ఒకే వయసులో నేర్పుతారు. శిఖరం దగ్గర మాత్రం ఆచారం ఆమెను కిందే ఆపేస్తుంది.

టిబెట్ జ్యోతిషం ఈ గాలిగుర్రాన్ని లెక్కల్లోకి కూడా దింపింది. ప్రాణం, శరీరం, అధికారం, లుంగ్‌తా అని మనిషికి నాలుగు బలాలు. పుట్టిన సంవత్సరపు జంతువును బట్టి ఏ ఏడాది ఏ బలం ఎలా ఉందో తెల్ల గులకరాళ్లు, నల్ల గులకరాళ్ల గుర్తులతో సూచిస్తారు. లుంగ్‌తా నల్లబడ్డ ఏడాది జెండాలు ఎక్కువ కట్టాలి. అదీ మంచిరోజు చూసి. వర్జ్యం, దుర్ముహూర్తం చూసుకునే ఇళ్లలో ఇది విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

ఆ జెండాలు తెలుగు పాఠకులకు బాగా తెలిసినవే. నీలం, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు రంగుల చిన్న గుడ్డముక్కల దండ. లడఖ్ వెళ్లొచ్చిన కుర్రాళ్ల రాయల్ ఎన్‌ఫీల్డ్ బండి హ్యాండిల్‌కు, హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ కారు అద్దాల దగ్గరా వేలాడుతుంటాయి. వాటిలో చాలా జెండాల నడిమిన అచ్చువేసి ఉన్నది ఈ గాలిగుర్రమే. వీపు మీద రత్నం మోస్తూ ఉంటుంది. నాలుగు మూలల్లో పులి, మంచుసింహం, గరుడుడు, డ్రాగన్. రంగులు పంచభూతాలు: నీలం ఆకాశం, తెలుపు గాలి, ఎరుపు నిప్పు, ఆకుపచ్చ నీరు, పసుపు నేల. శ్రీకాళహస్తిలో వాయులింగానికి మొక్కి, గాలి చొరబడని గర్భగుడిలో దీపం రెపరెపలాడుతుందని నమ్మే మనకు గాలిలో దైవాన్ని చూడడం కొత్త కాదు. కాకపోతే అక్కడ గాలి గుడి లోపలికి వచ్చి కనబడుతుంది, ఇక్కడ ప్రార్థన బయటికి వెళ్లి గాలిలో కలుస్తుంది. జెండా కట్టేది తన కోసం మాత్రమే కాదు, దాన్ని తాకిన గాలి ఎంతదూరం పోతే అంతదూరంలో ఉన్న ప్రాణులందరి కోసం.

అందువల్ల రంగు వెలిసిపోవడం, అంచులు చిరిగి పోగులవడం దానికి లోపం కాదు. అది జరగాలనే కడతారు. పాతవి అలా ఉండగానే పక్కన కొత్తవి కడతారు. టిబెట్‌లో కనుమ దాటేటప్పుడు గాలిగుర్రం అచ్చువేసిన కాగితపు ముక్కలను గుప్పిళ్లతో గాలిలోకి విసిరి “ల్హా గ్యాలో!” అని కేకవేస్తారు, దేవతలకు జయం అని. నూలు గుడ్డ, చేతి కాగితం అయితే గాలికీ వానకూ కరిగిపోతాయి. ఇప్పుడు మార్కెట్లో దొరికేవాటిలో చాలావరకు పాలిస్టర్ దారం. అది కరగదు. హిమాలయ కనుమల్లో, వాగుల్లో ముద్దలు ముద్దలుగా పేరుకుంటోంది. బండికి కట్టుకునేవాళ్లు కనీసం రెండు విషయాలు గుర్తుంచుకుంటే మంచిది: దాన్ని నేలకూ కాళ్లకూ తగిలేలా కట్టకూడదు, కొనేటప్పుడు నూలు గుడ్డ అడగాలి. వాళ్లు ప్రార్థనగా చూసేది మనం అలంకారంగా వాడుకుంటున్నప్పుడు ఆ పాటి జాగ్రత్త పడాలి.

మంగోలియాలో ఒక కాలంలో ఈ గుర్రాన్ని బహిరంగంగా ఎగరేయడానికే వీల్లేకపోయింది. 1937–39 మధ్య చోయ్‌బల్సాన్ పాలనలో, సోవియట్ ఒత్తిడి కింద, 700కు పైగా ఆరామాలను కూల్చేశారు. వేలాది లామాలను కాల్చి చంపారు. ధూపం వేస్తూ చదివే పాఠాలు, జెండాలు, ఓవో పూజలు ఇళ్లలోకి, గుసగుసల్లోకి పోయాయి. ఆరామాలతో పాటు గ్రంథాలు కాలిపోయాయి. కానీ ఖీమోరి అన్న మాటకు గ్రంథం అవసరం లేదు. కుస్తీ పోటీలో, గుర్రప్పందెంలో, పక్కింటివాడి ముఖం చూసి పలకరించడంలో అది బతికింది. సోషలిస్టు కాలపు రాజ్యచిహ్నంలో సూర్యుడి వైపు దౌడు తీసే గుర్రపు రౌతు ఉండేవాడు. 1990లో ఏకపార్టీ పాలన ముగిసి 1992లో కొత్త రాజ్యాంగం వచ్చినప్పుడు రౌతు దిగిపోయాడు. నీలి వృత్తం నడిమిన, కింద ధర్మచక్రంతో, పైన త్రిరత్నాలతో, బంగారు గాలిగుర్రం వచ్చి నిలిచింది.

ఈ దేశంలో సగం మంది ఇప్పుడు ఒక్క నగరంలో ఉన్నారు. జుద్‌లో మందలు పోగొట్టుకున్న కుటుంబాలు గెర్‌ను మడిచి తెచ్చి ఉలాన్‌బాతర్ చుట్టూ కొండవాలుల్లో వేసుకున్నాయి. గిన్నెలా నాలుగు వైపులా కొండలున్న లోయ అది. చలికాలంలో పైన వెచ్చటి గాలి పొర మూతలా కూర్చుంటుంది, కింద చల్లగాలి కదలదు. లక్షకు పైగా పొయ్యిల్లో బొగ్గు మండుతుంది, పొగ ఎటూ పోదు. 2019 మే నుంచి పచ్చి బొగ్గు కాల్చడం నిషేధించి బొగ్గు ఇటుకలు ఇస్తున్నారు, అయినా ఊపిరి తేలికపడలేదు. పిల్లల ఊపిరితిత్తుల మీద ఆ పొగ ప్రభావం వైద్యులు మొత్తుకుంటున్న సంగతి. మైదానంలో గాలి వీచడం వల్ల చనిపోయిన మనుషుల వారసులు ఇక్కడ గాలి వీచక జబ్బుపడుతున్నారు. ఆ నగరానికి దాదాపు 70 కిలోమీటర్ల దూరంలో 2013లో మొదటి పవన విద్యుత్ కేంద్రం తిరగడం మొదలైంది, 31 గాలిమరలు, 50 మెగావాట్లు. దాని పేరు సల్ఖిత్, అంటే గాలి ఉన్న చోటు. నగరపు పొగకు అదొక్కటే విరుగుడు కాదు గానీ, పొయ్యికి బదులు విద్యుత్ హీటర్ పెట్టాలంటే ఆ కరెంటు ఎక్కడినుంచో రావాలి.

దుమ్ము మాట కూడా మారింది. దక్షిణ గోబీలో తవన్ తొల్గోయ్ బొగ్గు గనుల నుంచి చైనా సరిహద్దుకు లారీలు బారులు తీరి పోతాయి. ఏళ్ల తరబడి చాలా లారీలు రోడ్డు లేని చోట మైదానం మీదే దారులు చేసుకున్నాయి. ఆ చక్రాల కింద లేచిన దుమ్ము గడ్డి మీద పరుచుకుంటే ఒంటె తినదు, తిన్నా ఒంటికి పట్టదు. ఈ దుమ్ములోకి పరుగెత్తి ముఖం పెట్టేవాడు ఎవడూ లేడు. కాపరులు దీని మీద ఫిర్యాదులు చేస్తూనే ఉన్నారు.

అదే గోబీలో వసంతకాలంలో, గాలులు జోరుగా ఉన్న రోజుల్లో, ఒంటెలు ఈనుతాయి. కష్టపు కాన్పయిన తల్లి ఒక్కోసారి బిడ్డను దగ్గరికి రానివ్వదు. లేదా తల్లి పోయిన పిల్లను ఇంకో ఒంటెకు అలవాటు చేయాలి. అప్పుడు కాపరులు పాట పాడి తల్లిని మెత్తబరుస్తారు. ఒంటెల స్థానంలో మోటారు సైకిళ్లు వచ్చి, పాడేవాళ్లు తగ్గిపోతున్నారని 2015లో యునెస్కో ఈ ఆచారాన్ని అత్యవసరంగా కాపాడాల్సిన వాటి జాబితాలో చేర్చింది. తల్లీపిల్లలను పక్కపక్కన కడతారు. తల మీద గుర్రపు తల చెక్కిన రెండు తీగల వాద్యం, మోరిన్ ఖూర్, తెచ్చి ముందుగా ఒంటె మూపురానికి తగిలిస్తారు. గుర్రపు వెంట్రుకలతో చేసిన ఆ తీగల మీదుగా గాలి పోతుంటే సన్నగా ఒక నాదం పుడుతుంది. ఒంటె చెవులు నిక్కబొడుచుకుని వింటుంది. ఆ తర్వాత వాద్యం దించి వాయించేవాడు వాయిస్తాడు, ఒక స్త్రీ ఒంటె మెడ నిమురుతూ ‘ఖోస్, ఖోస్’ అని అదే మాటను రాగంలో మళ్లీ మళ్లీ పాడుతుంది. గంటల తరబడి సాగవచ్చు. ఒంటె కళ్ల వెంట నీళ్లు కారే వేళకు పిల్లను పొదుగు దగ్గరికి తోస్తారు.